పక్షవాతం తర్వాత మింగలేకపోతే ఏం పెట్టాలి? మా అమ్మతో మాకు తెలిసొచ్చింది

పక్షవాతం వచ్చాక మీ నాన్నగారికి నీళ్లు తాగితే పొలమారుతోందని, మనిషి చిక్కిపోతున్నారని రాశారు. మా అమ్మకీ ఇలాగే అయ్యింది. అన్నం సంగతి తర్వాత, ముందు నీళ్ల దగ్గర జాగ్రత్త పడండి.

పల్చగా ఉంటే సులువుగా దిగుతుందనుకుని మేం మజ్జిగ, చారు, పాలు గ్లాసుతో పట్టాం. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తట్టేవాళ్లం. అసలు ప్రమాదం ఆ పల్చటి వాటితోనే. మింగే లోపే జారిపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. పది రోజులకే న్యుమోనియా వచ్చింది. కొందరికి అలా వెళ్లినా దగ్గు కూడా రాదని ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్ట్ చెప్పేదాకా మాకు తెలియదు. తాగిన వెంటనే ఏదైనా మాట్లాడించండి. గొంతులో నీళ్లున్నట్టు గరగరలాడితే ఆపేయండి. జ్వరం, ఆయాసం వస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఆ స్పీచ్ థెరపిస్టే మింగడం ఎలా ఉందో పరీక్ష చేసి, నీళ్లు చిక్కబడటానికి కలిపే పొడి రాసిచ్చి, ఎంత చిక్కగా ఉండాలో చూపించారు. ఆ చిక్కదనం అందరికీ ఒకటి కాదు, కాబట్టి మా కొలత మీకు చెప్పను. మీరూ ఒకసారి చూపించుకోండి.

చారన్నం, సాంబారులో ఇడ్లీ వద్దు. మెతుకు నోట్లో ఉండగానే నీరు ముందు జారుతుంది. ఐస్‌క్రీమ్ కూడా నోట్లో కరిగి నీళ్లే అవుతుంది. ఇంకోటి, చిక్కగా కాచిన రాగి జావ గిన్నె అడుక్కొచ్చేసరికి పల్చబడిపోయేది. ఎందుకో చాలా రోజులు అర్థం కాలేదు. ఎంగిలి చెంచా మళ్లీ మళ్లీ ముంచుతుంటే ఉమ్మి కలిసి జావ విరిగిపోతోందట. అప్పటినుంచి చిన్న గిన్నెలోకి కొంచెం కొంచెం తీసుకుని పెట్టాను.

బరువు తగ్గడానికి మా ఇంట్లో కారణం మిక్సీ. తిరగడానికి నీళ్లు పోసేవాళ్లం. గిన్నె నిండేది, బలం ఉండేది కాదు. నీళ్లకు బదులు పాలు పోసి, మెత్తటి అన్నం, ముద్దపప్పు, నెయ్యి కలిపి తిప్పి, జల్లెడ పట్టాను. మధ్యాహ్నం మీగడ పెరుగు. పోపు మానేశాం, ఒక్క ఆవగింజ, కరివేపాకు ముక్క చాలు గొంతులో చిక్కుకోవడానికి. ప్రతి ఆదివారం బరువు చూసి రాసేదాన్ని. మాత్రలు మాత్రం అడగకుండా పొడి చేయకండి, కొన్నింటిని నలపకూడదు.

నిటారుగా కూర్చోబెట్టి, సగం చెంచా పెట్టి, మింగారని చూశాకే ఇంకోటి. తిన్నాక అరగంట పడుకోబెట్టకండి. నోరు శుభ్రంగా తుడవండి.

రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి కడుపులోకి వేసే ఆహారపు గొట్టం) వేయాలంటే భయపడకండి. అమ్మకి మూడు వారాలు ఉంది. ఆ రోజుల్లోనే కాస్త కోలుకుంది. తీశాక మొదట అడిగింది కాఫీ. అందులోనూ ఆ చిక్కబరిచే పొడి కలిపి చెంచాతో పట్టాను. నాలుగు చెంచాలకే అలిసిపోయి కళ్లు మూసుకుంది. ఇంకా కావాలన్నా పెట్టలేదు. అలసటగా, నిద్రమత్తుగా ఉన్నప్పుడు అస్సలు పెట్టకండి.