పాత యాత్రాచిత్రాలు కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

పాతకాలపు యాత్రికులు గీసిన ప్రసిద్ధ స్థలాల అచ్చులను సేకరించడం మొదలుపెట్టావనీ, ఇంగ్లీషు చిత్రకారులైన డేనియల్ల చిత్రమొకటి బేరంలో ఉందనీ రాశావు. సంతోషం. డబ్బు చెల్లించే ముందు బొమ్మ అందాన్ని కాసేపు పక్కనపెట్టి, దాని కింద సన్నని అక్షరాల్లో ఉన్న వరుసను చదువు. స్థలాన్ని చూసి గీసిందెవరు, పలకపై చెక్కిందెవరు, ఏ సంవత్సరంలో ప్రచురించారు అన్న వివరాలు సాధారణంగా అక్కడే ఉంటాయి. ఫ్రేములో ఇమడ్చడానికి కాగితాన్ని కత్తిరించినప్పుడు మొదట పోయేదీ ఆ వరుసే కనుక, అంచులు లేని ప్రతికి నేనైతే సగం ధర కూడా ఇవ్వను.

థామస్ డేనియల్, ఆయన సోదరుని కుమారుడు విలియం 1786లో కలకత్తాలో దిగి, 1793 వరకు మన దేశంలో తిరిగారు. కటకం గుండా కాగితంపై పడే దృశ్యాన్ని చూసి గీసుకునే కెమెరా అబ్స్క్యూరాను వెంట ఉంచుకున్నారు కనుక, గోపురాల నిష్పత్తులను చాలావరకు నమ్మవచ్చు. ముందుభాగంలోని చెట్లను, మనుషులను మాత్రం అంతగా నమ్మకు, అవి చాలాసార్లు చిత్రం నిండుగా ఉండటానికి అమర్చినవి. 1795 నుంచి 1808 వరకు వెలువడిన వారి 144 చిత్రాలలో ఎల్లోరాకు చెందిన 24 మాత్రం జేమ్స్ వేల్స్ అనే మరో చిత్రకారుడు గీసిన చిత్రాల ఆధారంగా చేసినవి. ఈ సంగతి తెలియని వర్తకుడు వాటిని కూడా డేనియల్లు స్వయంగా చూసి గీసినవేనని చెప్పి అమ్మజూస్తాడు.

ఇక కాగితాన్నే పరీక్షించు. డేనియల్ల అచ్చులు అక్వాటింట్ పద్ధతిలో చేసినవి. ఆ పద్ధతిలో రాగి పలకపై గుగ్గిలం వంటి రేణువులను అంటించి ఆమ్లంలో ముంచుతారు. రేణువుల నడుమ ఆమ్లం తిన్న సన్నని గుంటలు సిరాను పట్టుకుని నీటిరంగు పూతలాంటి ఛాయనిస్తాయి. భూతద్దంలో చూస్తే ఆ ఛాయ తీరూతెన్నూ లేని వలలా కనిపించాలి. వరుసలు తీరిన రంగు చుక్కలు కనిపిస్తే అది ఆఫ్‌సెట్ యంత్రంపై అచ్చువేసిన ఈ కాలపు నకలే, ఇక బేరం అక్కర్లేదు. పలక ఒత్తిడికి బొమ్మ చుట్టూ ఏర్పడిన నొక్కు వేలికి తగులుతుందేమో కూడా చూడు. రాతి అచ్చుకు, అంటే లిథోగ్రాఫుకు, ఈ నొక్కు ఉండదు. రంగులు చేత్తో వేసినవి కనుక ప్రతికీ ప్రతికీ తేడా సహజం. అయితే ఆకాశం మరీ ముదురు నీలంగా ఉంటే, ఆ రంగు ఎప్పుడో తరువాత పూసిందేమోనని అనుమానించు.

రాతి అచ్చులకు ఉదాహరణ చెబుతాను. డేవిడ్ రాబర్ట్స్ అనే చిత్రకారుడు 1838లో ఈజిప్టు వెళ్లి గీసిన చిత్రాలను లూయీ హాఘ్ అనే లిథోగ్రాఫు కళాకారుడు రాతిపైకి ఎక్కించాడు. అక్కడి అబూ సింబెల్ అనే ప్రాచీన ఆలయపు విగ్రహాలను వాటిలో ఇసుక మేటల మధ్య చూస్తావు. ఇప్పుడు అక్కడికి వెళ్లేవారికి ఆ ఇసుకా కనిపించదు, ఆ చోటూ కనిపించదు. 1960లలో ఆనకట్ట నీటి నుంచి కాపాడేందుకు ఆలయాన్నే కోసి పైకి తరలించారు. పాత చిత్రానికి విలువ తెచ్చేది ఇలాంటి తేడాలే. మన అమరావతిదీ అదే కథ. 1816–17లో సర్వే అధికారి కాలిన్ మెకంజీ తన సిబ్బందితో గీయించిన స్తూప శిల్పాల చిత్రాలు అమ్మకానికి అచ్చువేసినవి కావు. అవి కొలతలతో గీసిన ఆధారాలు, వాటిలో చూపిన కొన్ని శిల్పాలు తరువాత కనబడకుండా పోయాయి. ఆ చిత్రాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కన్ను అలవాటుపడేందుకు ముందు వాటిని ఇంటర్నెట్‌లో తీరిగ్గా చూడు, ఖర్చేమీ లేదు.

కొన్నాక లామినేషన్ చేయించకు, వెనుక సెల్లోటేపు అంటించకు, ఎండ పడే గోడకు తగిలించకు. ఫ్రేము కట్టించేటప్పుడు ఆమ్లం లేని అట్టనే వాడమని గట్టిగా చెప్పు.

నీ బేరంలో ఉన్న ప్రతికి మూడు ఫోటోలు తీసి పంపు: కింది అక్షరాలది ఒకటి, వెనుక వైపుది ఒకటి, వెలుతురుకు ఎదురుగా పట్టి కాగితంలోని నీటిముద్ర (వాటర్‌మార్క్) కనిపించేలా ఒకటి. అవి చూశాక ధర మాట్లాడుకుందాం.

మీ మామయ్య