జారిపడ్డారన్నారు సరే, గొంతెందుకు బొంగురుపోయింది?

ప్రశ్న: నేను హౌస్‌సర్జన్‌ని. నిన్న రాత్రి క్యాజువాలిటీకి ఒక మహిళ ముంజేయి విరిగి వచ్చారు. బాత్రూంలో జారిపడిందని భర్తే చెప్పాడు. గొంతు బొంగురుగా ఉంటే జలుబన్నారు. కంటి పక్కన పాత కమిలిన మచ్చ ఉంది. కట్టు వేసి, పెయిన్‌కిల్లర్ రాసి, వారం తర్వాత ఓపీకి రమ్మన్నాం. నాకు అనుమానంగానే ఉంది కానీ ఎలా అడగాలో ఎవరూ నేర్పలేదు. దీనికి ఏదైనా కోర్సు ఉందా?

జవాబు: కోర్సు సంగతి తర్వాత చూద్దాం. నన్ను భయపెడుతున్నది మీరు ఒక్క ముక్కలో దాటేసిన ఆ బొంగురు గొంతు. అది నిజంగా జలుబే కావచ్చు, చూడకుండా నేను చెప్పలేను. కానీ ఇంట్లో దెబ్బలు తిన్నారన్న అనుమానం ఉన్న మనిషికి గొంతు మారితే, ఎవరైనా గొంతు నులిమారేమో అని ముందు ఆలోచించాలి. మెడ మీద మచ్చ లేకపోయినా నులిమి ఉండొచ్చు. మింగితే నొప్పి, ఆయాసం, కాసేపు స్పృహ తప్పడం, కనురెప్పల లోపల ఎర్రటి చుక్కలు ఉన్నాయేమో చూడాలి. మెడలో రక్తనాళం గోడ చిరిగితే కొన్ని రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. అందుకే వారం ఆగడం నాకు నచ్చలేదమ్మా. ఈరోజే మీ యూనిట్ చీఫ్‌కి చెప్పండి. స్కాన్, ఈఎన్‌టీ పరీక్ష అవసరమా అన్నది చూసినవాళ్లే తేల్చాలి. ఫోన్ చేస్తే కట్టు చూడాలి రమ్మనండి, అంతే. ఫోన్ భర్తే ఎత్తవచ్చు.

నిన్న తీసిన ఎక్స్‌రేని మళ్లీ ఒకసారి చూడండి. జారిపడితే అరచేయి ఆనుతుంది, సాధారణంగా మణికట్టు దగ్గర విరుగుతుంది. ముంజేయి మధ్యలో అల్నా (చిటికెన వేలు వైపు ఎముక) ఒక్కటే విరిగితే, తల మీద పడబోయే దెబ్బకు చేయి అడ్డుపెట్టారేమో. అదొక్కటే రుజువు కాదు, అడగడానికి కారణం మాత్రం అవుతుంది.

అడగడం ఒంటరిగా ఉన్నప్పుడే. ఎక్స్‌రే గదిలోకి అటెండెంట్‌ని రానివ్వరు కదా, ఆ రెండు నిమిషాలు చాలు. "ఇలాంటి దెబ్బలతో వచ్చినవాళ్లను ఇంట్లో ఎవరైనా కొట్టారా అని అడుగుతుంటాం, మీకేమైనా అలా జరిగిందా?" అనండి. ఆమె లేదని చెబితే ఒత్తిడి చేయొద్దు. జరిగిందని చెబితే "ఎందుకు కొట్టాడు" అని అడగొద్దు, "సర్దుకుపో" అసలే అనొద్దు. ఇంటికెళ్తే ప్రాణభయం ఉందా, పిల్లలు ఎక్కడున్నారో కనుక్కోండి. కేస్‌షీట్‌లో "జారిపడ్డారు" అని కాకుండా "జారిపడ్డారని భర్త చెప్పారు" అని రాయండి. ప్రతి గాయం ఎక్కడ, ఎంత, ఏ రంగులో ఉందో రాయండి. ఎంఎల్‌సీ (పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ కేసు) విషయం డ్యూటీ డాక్టరుతో మాట్లాడాకే.

మీకు ఎవరూ నేర్పలేదన్నది నిజం, అది మా తరం వైఫల్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన మహిళల్లో భర్త చేతిలో హింస ఎదుర్కొన్నవారు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. అంటే ప్రతి ఓపీలోనూ ఉన్నారు. డాక్టర్లకూ నర్సులకూ చదువు దశలోనే ఇది నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది, 2019లో పాఠ్యప్రణాళిక కూడా ఇచ్చింది. ఆన్‌లైన్‌లో ఉచితం, దించుకోండి. ముంబయి బాంద్రాలోని భాభా ఆస్పత్రిలో దిలాసా కేంద్రం రెండు దశాబ్దాలకు పైగా ఆస్పత్రి సిబ్బందితోనే ఇలాంటి బాధితులను గుర్తించి ఆదుకునే పని చేయిస్తోంది. మీ కాలేజీలో ఏట్‌కామ్ (రోగితో ప్రవర్తన, నైతికత, మాటతీరు నేర్పే) క్లాసులు ఉంటాయి కదా, ఒకరు రోగిగా, ఒకరు భర్తగా నటించి ఇది సాధన చేయిద్దామని ప్రొఫెసర్లను అడగండి. పుస్తకం చదివితే ఆ ప్రశ్న నోటికి రాదు.

2005 గృహహింస చట్టం ప్రకారం బాధితురాలు కోరితే వైద్యం అందించడం ఆస్పత్రి బాధ్యత. ఫిర్యాదు లేదని వెనక్కి పంపకూడదు. హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రం, 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు గురించి చెప్పండి. చీటీ మీద రాసివ్వకండి, ఇంట్లో దొరికితే ఆమెకే ప్రమాదం. మూడంకెలే కాబట్టి నోటితో చెబితే గుర్తుంటుంది.