మెరైన్ ఎకాలజీలో అధ్యాపక వృత్తి: పీజీ పేరు నుంచే జాగ్రత్త

ప్రశ్న: కాకినాడలో బీఎస్సీ జువాలజీ చివరి ఏడాది చదువుతున్నాను. మెరైన్ ఎకాలజీలో పరిశోధన చేస్తూ పాఠాలు చెప్పాలని ఉంది. ఎలా వెళ్లాలి?

జవాబు: మెరైన్ బయాలజీ పీజీకి పరంగిపేట్టైలోని అన్నామలై యూనివర్సిటీ కేంద్రం, కొచ్చిలోని కుసాట్ (కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ), శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్‌బ్లెయిర్)లోని పాండిచ్చేరి యూనివర్సిటీ క్యాంపస్ మంచివి. అయితే డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టులు జువాలజీ పేరుతో పడతాయి. మీ పీజీని దానికి సమానంగా ఒప్పుకుంటారో లేదో పాత నోటిఫికేషన్లు తీసి చూశాకే చేరండి. లెక్చరర్ ఉద్యోగం కూడా వదులుకోలేననుకుంటే జువాలజీలో పీజీ చేసి, పీహెచ్‌డీలో సముద్రం వైపు మళ్లడమే క్షేమం.

పీజీలో 55 శాతం తగ్గనివ్వకండి. పరిశోధన ఫెలోషిప్‌కూ, లెక్చరర్ అర్హతకూ రాసే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్. అందులో లైఫ్ సైన్సెస్ పేపర్‌లో 200 మార్కులకు 100 చివరి విభాగమైన పార్ట్-సీవే. 75 ప్రశ్నల్లో 25 రాస్తే చాలు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పయితే ఒకటి పోతుంది. బయోకెమిస్ట్రీ, మాలిక్యులర్ బయాలజీ పక్కనపెట్టి ఎకాలజీనే నమ్ముకుంటే గట్టెక్కలేరు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయ్యాక 42,000. సొంత ఫెలోషిప్ ఉన్నవాళ్లకు గైడ్ దొరకడమూ తేలిక.

అసలు కష్టం ఫీల్డ్‌లో ఉంది. సముద్రం అడుగు మట్టిలో బతికే జీవులపై పని అనుకుందాం. గ్రాబ్‌తో (అడుగు మట్టిని పట్టి పైకి తెచ్చే పరికరం) ఒక్కో స్టేషన్‌లో, అంటే శాంపిల్ తీసే చోట, కనీసం మూడుసార్లు మట్టి తీసి, 0.5 మిల్లీమీటర్ల జల్లెడలో కడిగి, రోజ్ బెంగాల్ అనే రంగు కలిపిన ఫార్మలిన్‌లో వేస్తారు. అందులో ఆమ్లగుణాన్ని తగ్గించే బోరాక్స్ పొడి వేయడం మరిస్తే ఆమ్లగుణానికి చిన్న గవ్వల పెంకులు కరిగిపోతాయి, ఇక జాతి తేల్చలేం. ఒకేచోట తీసిన మూడు శాంపిళ్లను మూడు స్టేషన్లుగా లెక్కవేస్తే ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా కాపాడదు. వర్షాకాలానికి ముందు, తర్వాత కూడా శాంపిళ్లు ఉండాలి. ఒక్క సీజన్ తప్పితే ఏడాది వెనకబడతారు, పీహెచ్‌డీకి గరిష్ఠ గడువేమో ఆరేళ్లే. కోరింగ అభయారణ్యంలో పనికి అటవీశాఖ అనుమతి కావాలి, దరఖాస్తు నెలల ముందే పెట్టుకోండి.

ఒక జీవుల గుంపును పట్టుకుని జాతి స్థాయి వరకు గుర్తించడం నేర్చుకోండి, పాలీకీట్లు అనే సముద్రపు పురుగులైనా సరే. దాంతోపాటు ఆర్ (R) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో డేటా విశ్లేషణ. ఈ రెండూ చేతిలో ఉన్న విద్యార్థి ఏ ల్యాబ్‌కైనా వెంటనే పనికొస్తాడు. పీజీ ప్రాజెక్టును విశాఖలోని ఎన్ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) లేదా సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) ప్రాంతీయ కేంద్రంలో చేసేందుకు ప్రయత్నించండి. అక్కడి శాస్త్రవేత్తల పేపర్లు రెండైనా చదివి, మీరు ఏ పని చేయగలరో ఒక పేజీలో రాసి మెయిల్ పెట్టండి.