టెక్ సందేహాలు: రికార్డింగ్‌కీ కీబోర్డుకీ శ్రుతి ఎందుకు కలవడం లేదు?

ప్రశ్న: మాది విజయవాడ, ఉండేది పెన్సిల్వేనియాలో. చిన్నప్పుడు కొన్నేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. ఇప్పుడు ఇక్కడి ఊరివాళ్లందరం కలిసి నడుపుకొనే క్వయర్‌లో (బృందగాన బృందంలో) బేస్, అంటే మగ గొంతుల్లో అన్నిటికన్నా కింది వరస, పాడుతున్నాను. ఈసారి జర్మన్ స్వరకర్త బాచ్ రాసిన లాటిన్ ప్రార్థనా కృతి 'బి మైనర్ మాస్' ఎత్తుకున్నాం. ఇంట్లో యూట్యూబ్ రికార్డింగ్ పెట్టుకుని కీబోర్డు వాయిస్తే శ్రుతి కలవడం లేదు. కీబోర్డు పాడైందా? అందులోని 'కుమ్ సాంక్తో స్పిరితు' భాగం వేగం కూడా అందడం లేదు. నా గొంతు వరస ఒక్కటే వినిపించే సాఫ్ట్‌వేర్ ఉందా?

జవాబు: కీబోర్డుకి ఏమీ కాలేదు. మీ చెవి సరిగ్గా పట్టుకుంది. మీరు పెట్టుకున్నది పాతకాలపు శ్రుతిలో చేసిన రికార్డింగ్ అయి ఉంటుంది. బాచ్ కాలపు వాద్యాలతో పాడే బృందాలు 'ఎ' స్వరాన్ని ఎక్కువగా 415 హెర్ట్జ్ దగ్గర పెట్టుకుంటాయి. మీ కీబోర్డులో అది 440. తేడా దాదాపు ఒక అర్ధస్వరం. మన లెక్కలో చెప్పాలంటే ఒకటో శ్రుతికీ ఒకటిన్నరకీ ఉన్నంత దూరం.

కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ నొక్కి మైనస్ ఒకటి పెడితే రికార్డింగ్‌తో కలిసిపోతుంది. కానీ అలా చేయకండి. గొంతుకీ జ్ఞాపకం ఉంటుంది. ఇంట్లో నెలల తరబడి తగ్గు శ్రుతిలో పాడి, రిహార్సల్లో పియానో పక్కన నిలబడితే ప్రతి పై స్వరం దగ్గరా తడబడతారు. కచేరీ ఏ శ్రుతిలోనో ముందు మీ కండక్టర్‌ని అడగండి. 440 అంటే రికార్డింగ్‌నే పైకి లేపాలి. మీరు కొనుక్కున్న సీడీనో, ఆడియో ఫైలునో ఉచితంగా దొరికే ఆడాసిటీలో తెరిచి, ఎఫెక్ట్ మెనూలోని 'ఛేంజ్ పిచ్'లో సెమిటోన్స్ దగ్గర 1 అని కొట్టండి. దాని పక్కనే ఉండే 'ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్' జోలికి పోవద్దు, అది వేగాన్ని కూడా మార్చేస్తుంది.

ఇక మీ వరస సంగతి. స్వరలిపిని తెరిచి వినిపించే మ్యూజ్‌స్కోర్ స్టూడియో వాడండి. మ్యూజ్‌స్కోర్ డాట్ ఆర్గ్ నుంచి దించుకుంటే పైసా కట్టక్కర్లేదు. పేరు కలుస్తోందని డాట్ కామ్‌కి వెళితే అక్కడ చందా అడుగుతారు, చాలామంది అక్కడే పొరబడుతున్నారు. బృందగాన స్వరలిపులు ఉచితంగా దొరికే కోరల్ పబ్లిక్ డొమెయిన్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఈ కృతి ఫైళ్లు వెతకండి. అవి పాడేవాళ్లే ఎక్కించినవి కాబట్టి, మీ చేతిలోని పుస్తకంతో ఒకసారి సరిచూసుకోండి. ఫైలు తెరిచి ఎఫ్10 నొక్కితే, ఒక్కో గొంతు శబ్దాన్ని విడిగా పెంచే, తగ్గించే మిక్సర్ వస్తుంది. మిగతా గొంతుల్ని పూర్తిగా మూయకండి, సన్నగా వినపడేలా ఉంచండి. మీ వరస ఎవరి మీద ఆనుకుందో తెలియకుండా నేర్చుకుంటే నలుగురిలో నిలవదు.

వేగానికి మందు మీకు తెలిసిందే. సరళీ స్వరాలు మూడు కాలాల్లో పాడలేదూ? ప్లేబ్యాక్‌లో వేగం 50 శాతానికి దించి, నాలుగు బార్లు (మన ఆవర్తాల్లాంటివి) ఎంచుకుని, అదే ముక్కని మళ్లీ మళ్లీ వినిపించే లూప్ బటన్ నొక్కండి. తప్పు లేకుండా మూడుసార్లు వచ్చాకే 60కి పెంచండి. కంప్యూటర్ గొంతు 'ఆ' అని మాత్రమే పాడుతుంది కాబట్టి లాటిన్ మాటలు విడిగా, లయలో, రాగం లేకుండా చదువుకోవాలి.

ఒక చిక్కు. ఈ కృతి ఒక్క విడతలో పుట్టలేదు. అందులోని 'సాంక్తుస్' భాగం 1724 నాటిది. 'కీరియే', 'గ్లోరియా' 1733లో డ్రెస్డెన్ పాలకుడికి సమర్పించినవి. మిగతావి కూర్చి మొత్తాన్ని ఒక రూపానికి తెచ్చేసరికి బాచ్ జీవితం చివరికొచ్చింది. ఆయన 1750లో పోయారు. గొంతు వరసల సంఖ్యా భాగాన్ని బట్టి అలాగే మారుతూ పోతుంది: కొన్ని నాలుగు, చాలావరకు ఐదు, 'సాంక్తుస్'కి ఆరు, 'ఒసాన్నా'కి ఏకంగా ఎనిమిది. అందుకే మిక్సర్ ప్రతి భాగానికీ మళ్లీ సర్దుకోవాలి. 'ఒసాన్నా'లో రెండు క్వయర్లు ఎదురెదురుగా పాడతాయి, బేస్ వరసలు రెండు. మీది ఏదో తేలకముందు ఒక్క లూప్ కూడా పెట్టకండి.

అన్నట్టు, అమెరికాలో ఈ కృతిని మొదటిసారి పూర్తిగా పాడింది మీ రాష్ట్రంలోనే, బెత్లహాంలో, 1900 మార్చి 27న. పాడింది అక్కడి ఊరి క్వయరే. లూపుల్లేవు, యాప్‌ల్లేవు. తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ప్రశ్న: సికింద్రాబాద్‌లో చర్చి క్వయర్ మాది. క్రిస్మస్‌కి హెండెల్ 'హల్లెలూయా' పాడుతున్నాం. రిహార్సల్ కోసం జూమ్‌లో కలిస్తే ఒకరి తర్వాత ఒకరు పాడుతున్నట్టు వస్తోంది. నెట్ మార్చాలా?

జవాబు: మార్చినా తీరదు. గాలిలో శబ్దం పది మీటర్లు వెళ్లడానికి సుమారు 29 మిల్లీసెకన్లు పడుతుంది. అంతకంటే ఆలస్యమైతే కలిసి పాడటం కష్టం. జూమ్‌లో ఆలస్యం దానికి ఎన్నో రెట్లు. కండక్టర్ ఒక్కరే మైకు తెరిచి, ఆడియో సెట్టింగుల్లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' ఆన్ చేసి పియానో వాయించాలి. మిగతా అందరూ మ్యూట్‌లో ఉండి ఇంట్లో గొంతెత్తి పాడండి. ఎవరికి వారు ఫోన్లో రికార్డు చేసి పంపితే తప్పులు తెలుస్తాయి. ఆ రికార్డింగ్‌కి బ్లూటూత్ వద్దు, వైరున్న ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. బ్లూటూత్‌లో పియానో మీ చెవికి ఆలస్యంగా చేరుతుంది, ఆ ఆలస్యంతోనే మీరు పాడతారు. నలభై మంది ఫైళ్లు ఒకచోట చేర్చాక దాన్ని సరిచేయడం ఎవరి తరమూ కాదు.