ఎర్ర కణంతో మొదలుపెడితే సెల్ బయాలజీకి దూరమవుతామా?

ప్రశ్న: నమస్తే మేడం. నేను ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ఫైనలియర్. మా ప్రాజెక్టు ఎర్ర రక్తకణాల్లో గ్లైకాలిసిస్ (గ్లూకోజును ముక్కలు చేసి శక్తి తీసే ప్రక్రియ) మీద. కేంద్రకం కూడా లేని కణం మీద పనిచేస్తే రేపు సెల్ బయాలజీ ల్యాబ్‌లో పీహెచ్‌డీకి ఎవరు తీసుకుంటారని ఫ్రెండ్స్ అంటున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఇలా మొదలుపెట్టి పైకొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఉన్నారమ్మా, టామ్ రాపోపోర్ట్ అనే కణశాస్త్రవేత్త. ఆ ఇంటిపేరు మీకు తెలిసే ఉంటుంది. రాపోపోర్ట్–ల్యూబరింగ్ షంట్ చదువుకున్నారు కదా, గ్లైకాలిసిస్ మధ్యలో కొంత సరుకు 2,3-బీపీజీ అనే చిన్న అణువు వైపు పక్కదారి పట్టడం, దానివల్ల కణం ఒక ఏటీపీ (కణానికి ఇంధనంలాంటి అణువు) వదులుకున్నా హిమోగ్లోబిన్ పట్టు సడలి ఆక్సిజన్ ఒంటికి అందడం. ఆ షంట్‌లోని పేరు టామ్ తండ్రిది, శామ్యూల్ రాపోపోర్ట్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని సిన్సినాటిలో దాతల రక్తాన్ని ఎక్కువ రోజులు నిల్వ ఉంచడం మీద పనిచేశారు. కమ్యూనిస్టు కావడంతో 1950లో ఆ దేశం వదలాల్సి వచ్చింది, చివరికి తూర్పు బెర్లిన్‌లో హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో చేరారు.

నేను చెప్పాలనుకున్నది కొడుకు టామ్ గురించి. 1970ల్లో తూర్పు బెర్లిన్‌లో, భౌతికశాస్త్రం నుంచి వచ్చిన రైన్‌హార్ట్ హైన్రిష్‌తో కలిసి ఎర్ర కణం గ్లైకాలిసిస్‌కు సమీకరణాలు రాశారు. ఆ కణానికి మైటోకాండ్రియా లేదు, కొత్త ప్రొటీన్లు తయారు చేసుకోలేదు, ఏటీపీ కావాలంటే గ్లైకాలిసిస్ తప్ప వేరే గతి లేదు, మధ్యలో అడ్డొచ్చేవి ఇంత తక్కువ కాబట్టే లెక్కకు లొంగింది. మీ ఫ్రెండ్స్ లోపం అంటున్నదే వాళ్లకు కలిసొచ్చింది.

అప్పటిదాకా అందరి నమ్మకం ఏమిటంటే ప్రతి మార్గంలోనూ నెమ్మదిగా నడిచే ఎంజైమ్ ఒకటుంటుంది, మొత్తం పెత్తనం దానిదే అని. అలా అనుకోవడం కాదు, ఒక్కో ఎంజైమ్‌ని కాస్త పెంచితే మొత్తం వేగం ఎంత మారుతుందో లెక్క తేల్చాలి, ఆ పెత్తనం నలుగురి మధ్యా పంచుకుని ఉండొచ్చు అని 1974లో వీళ్లిద్దరూ రాశారు. దాదాపు అదే సమయంలో ఎడిన్‌బరోలో కాక్సర్, బర్న్స్ కూడా విడిగా ఇదే మాటకొచ్చారు. మెటబాలిక్ కంట్రోల్ అనాలిసిస్ అంటే ఇదే.

తర్వాత టామ్ పట్టుకున్న విషయం చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, ఎండోప్లాస్మిక్ రెటిక్యులం (ఈఆర్), అంటే కణం లోపలి పొరల, గొట్టాల వల, పూర్తిగా ఎదిగిన ఎర్ర కణంలో అసలు ఉండనే ఉండదది! ఇన్సులిన్ లాంటి ప్రొటీన్ ఆ పొరను ఎలా దాటుతుందన్నది ప్రశ్న. 1995లో హార్వర్డ్ మెడికల్ స్కూల్‌కు వెళ్లాక కూడా దాన్ని వదల్లేదు. 2004లో ఒక ఆర్కియా జీవి (బ్యాక్టీరియాలాంటి ఏకకణ జీవి) నుంచి తీసిన, ఈఆర్ పొరలోని ద్వారానికి చుట్టమైన సెక్‌వై అనే ప్రొటీన్ ద్వారం నిర్మాణాన్ని ఆయన బృందం, అక్కడి మరో ల్యాబ్‌తో కలిసి, ఎక్స్-రేతో బయటపెట్టింది. డమరుకంలా నడుము దగ్గర సన్నబడిన దారి, ఆ నడుము చుట్టూ నీటిని అంటుకోని అమైనో ఆమ్లాల వలయం, ఖాళీగా ఉన్నప్పుడు దారి మూసి ఉంచే బుల్లి హెలిక్స్ (మెలితిరిగిన ముక్క). ప్రొటీన్ వచ్చినప్పుడు అది పక్కకు జరగాలి. ఆ తర్వాత ఈఆర్ గొట్టాలకు ఆ వంపు ఎక్కడిదన్న ప్రశ్నలోకీ దిగారు, అక్కడ ఆ వంపు తెచ్చే రెటిక్యులాన్ ప్రొటీన్లు దొరికాయి.

ఒక్కసారిగా ఫీల్డ్ మార్చేసినట్టు కనిపిస్తుంది గానీ, నాకు అలా అనిపించదు. కణాన్ని పగలగొట్టి, కావలసిన భాగాలే తీసి, టెస్ట్‌ట్యూబ్‌లో మళ్లీ నడిపించి చూడటం ఆయన ల్యాబ్ పద్ధతి, ఏది ఎంతవరకు అవసరమో తేలేదాకా. ఎర్ర కణం ఎంచుకోవడంలోనూ ఉన్న పట్టుదల అదే.

అందుకని ఇంటర్వ్యూలో ప్రాజెక్టు గురించి అడిగితే తగ్గి మాట్లాడకండి. రిపోర్టులో మాత్రం "ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ రేట్ లిమిటింగ్" (మొత్తం వేగం ఆ ఒక్క ఎంజైమ్ చేతిలోనే) అని పుస్తకంలో ఉన్నట్టే రాసేయొద్దు. ఎర్ర కణంలో గ్లైకాలిసిస్ మొదటి ఎంజైమ్ హెక్సోకైనేజ్‌కు పెద్ద వాటా ఉందని టామ్, హైన్రిష్‌ల లెక్కల్లోనే తేలింది. మీ దగ్గరున్న ఎంజైమ్ కొలతలతో చిన్న మోడల్ కట్టి, హెక్సోకైనేజ్‌ని పది శాతం పెంచి చూడండి, ఏమొచ్చిందో అది రాయండి.