కాగితం లేకుండా రెండు రోజులు స్టేషన్‌లో ఉంచవచ్చా?

ప్రశ్న: దొంగతనం కేసులో అనుమానమంటూ మా తమ్ముణ్ణి పోలీసులు రాత్రివేళ ఇంటి నుంచి తీసుకువెళ్లి, రెండు రోజులు స్టేషన్‌లో ఉంచి, ఏ కాగితమూ ఇవ్వకుండా వదిలిపెట్టారు. అడిగితే విచారణకు పిలిచామే తప్ప అరెస్టు చేయలేదన్నారు. తప్పు చేయనివాడికి హక్కులతో పనేముంది, వదిలేయమని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి?

సమాధానం: వదిలేయవద్దు. రికార్డులో అరెస్టు అని రాయకపోయినా, మీ తమ్ముడు తన ఇష్టప్రకారం ఇంటికి రాగలిగే స్థితిలో లేడంటే అతడు నిర్బంధంలో ఉన్నట్టే. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టుకు కారణాలు వెంటనే తెలపాలి, న్యాయవాదిని సంప్రదించనివ్వాలి, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోపు సమీప మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. పట్టుకున్నవారే ఎన్నాళ్లు ఉంచాలో కూడా నిర్ణయిస్తే ఇక అడిగే దిక్కుండదు కనుకనే, ఆ నిర్ణయాన్ని రాజ్యాంగం పోలీసుల చేతిలోంచి తీసి, కేసుతో ప్రమేయం లేని న్యాయాధికారికి అప్పగించింది. తప్పు చేశాడో లేదో ఇంకా తేలని మనిషికే ఈ రక్షణ ఎక్కువ అవసరం.

మీ బంధువులకు ఎమర్జెన్సీ నాటి జబల్‌పూర్ కేసు గురించి చెప్పండి. నిర్బంధంలో ఉన్నవారు విడుదల కోసం ఎమర్జెన్సీలో కోర్టుకు వెళ్లవచ్చా అన్నదే అందులో ప్రశ్న; వెళ్లరాదని ప్రభుత్వం వాదించింది. ఒక పోలీసు అధికారి కక్షతో మనిషిని చంపినా దిక్కు లేదా అని విచారణలో జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదనే అటార్నీ జనరల్ జవాబిచ్చారు. ఆ జవాబు చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. 1976లో నలుగురు న్యాయమూర్తులు ప్రభుత్వ వాదననే ఆమోదించగా ఖన్నా ఒక్కరే విభేదించారు. 1978 నాటి 44వ సవరణ తర్వాత, ఎమర్జెన్సీలో సైతం నేరారోపణల్లో రక్షణ కల్పించే 20వ, ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే 21వ అధికరణాల అమలును నిలిపివేయడానికి వీల్లేదు. ఆ జబల్‌పూర్ తీర్పునే 2017లో గోప్యత హక్కుకు సంబంధించిన పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

ఇక మీరు చేయవలసింది. తీసుకువెళ్లిన, వదిలిన సమయాలను, చూసిన ఇరుగుపొరుగువారి పేర్లను ఇప్పుడే రాసిపెట్టుకోండి. పోలీస్ స్టేషన్లన్నింటిలో సీసీ కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది కాబట్టి, ఆ రెండు రోజుల ఫుటేజీని భద్రపరచాలని కోరుతూ ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపండి. ఇందులో ఆలస్యం పనికిరాదు. ఒంటిపై దెబ్బలుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి ధ్రువపత్రం తీసుకోండి. స్పందన లేకపోతే 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ (హక్కుల రక్షణకు నేరుగా వేసే పిటిషన్) వేసి పరిహారం కోరవచ్చు. నిర్దోషి అని కోర్టు తీర్పు ఇచ్చిన తర్వాత కూడా బీహార్ జైల్లో 14 ఏళ్లు మగ్గిన రుదుల్ షాకు, 1983లో సుప్రీంకోర్టు రిట్ పిటిషన్‌లోనే పరిహారం ఇప్పించింది.

మళ్లీ పిలిస్తే, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) సెక్షన్ కింద హాజరు కావాలనే నోటీసు ఇవ్వమని అడగండి. నోటీసు అందితే మాత్రం తప్పక హాజరుకావాలి. వెంట న్యాయవాదిని తీసుకువెళ్లండి.