నెస్యావెల్లిర్ ప్లాంట్‌లో కరెంటూ వేడినీళ్లూ ఒకేచోట ఎలా తీస్తారు?

భూమిలోంచి పైకి వచ్చిన నీళ్లే ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ ఇళ్ల కుళాయిల్లోకి వస్తాయా అని అడిగారు. ఆ ఊరికి దగ్గర్లో భూమి లోపలి వేడితో నడిచే ఈ నెస్యావెల్లిర్ ప్లాంటు నుంచైతే రావండీ. మన దగ్గర బొగ్గు ప్లాంటులో టర్బైన్ సెక్షన్‌లో పనిచేసి ఇప్పుడు ఐస్‌లాండ్‌లో ఉంటున్నాను, ఈ ప్లాంటు లోపలికి వెళ్లి చూశాను కాబట్టి చెబుతున్నా.

బావుల్లోంచి ఆవిరీ నీళ్లూ కలిసి వస్తాయి. సెపరేటర్‌లో విడదీసి ఆవిరిని టర్బైన్‌కి పంపుతారు. మన బొగ్గు ప్లాంట్లలో ఆవిరి 540 డిగ్రీల దాకా ఉంటుంది, ఇక్కడ 190కి అటూ ఇటూ, అందుకే ఎంత మంచి టర్బైన్ పెట్టినా వేడిలో చిన్న వాటానే కరెంటు అవుతుంది. మిగతాదాన్ని ఏం చేస్తారన్నదే అసలు విషయం. మన దగ్గర కండెన్సర్‌లో, అంటే టర్బైన్ దాటిన ఆవిరిని చల్లార్చి నీళ్లుగా మార్చే చోట, వదిలిన వేడంతా కూలింగ్ టవర్ మీదుగా గాలిలో కలిసిపోతుంది. ఏళ్ల తరబడి అది చూసినవాణ్ని కదా, ఇక్కడి పద్ధతి చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. థింగ్వల్లావాత్న్ సరస్సు పక్కన తోడిన చన్నీళ్లను ముందు కండెన్సర్‌లోంచి పంపుతారు, అక్కడ కొంత వేడెక్కాక సెపరేటర్‌లో మిగిలిన నీళ్ల వేడిని హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో (రెండు నీళ్లూ కలవకుండా వేడి మాత్రమే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే చోట) తీసుకుని 80 డిగ్రీలు దాటుతాయి.

భూగర్భ జలాన్నే నేరుగా పంపితే అందులో కరిగి ఉన్న సిలికా అనే ఖనిజం నీళ్లు చల్లారేకొద్దీ పైపుల్లో గట్టిగా పేరుకుపోతుంది. మంచినీళ్లతో ఇంకో తంటా, వేడిచేసినప్పుడు వాటిలోని ఆక్సిజన్ ఇనుప పైపుల్ని తినేస్తుంది. అందుకని డీఏరేటర్‌లో దాన్ని తీసేసి, ఇంకా మిగిలిన కాస్తా పోవడానికి హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న భూగర్భ ఆవిరిని కొంచెం కలుపుతారు. మా ఇంట్లో వేడినీళ్లు తిప్పితే కుళ్లిన గుడ్డు వాసన రావడం, మా ఆవిడ వెండి పట్టీలు నల్లబడటం ఆ వాయువు వల్లే.

అక్కణ్నుంచి నగరానికి 27 కిలోమీటర్ల పైపు. కొండ మీది ట్యాంకు దాకా పంపు చేస్తే ఆ తర్వాత వాలుకి అవే వస్తాయి, దారిలో తగ్గేది రెండు డిగ్రీల లోపే!

ఇంకో మాట, ఇక్కడ 1990లో ముందు వేడినీళ్లే మొదలయ్యాయి, కరెంటు 1998లో వచ్చింది. ఇప్పుడు కరెంటు 120 మెగావాట్లు, వేడి 300 మెగావాట్లు.

మణుగూరు దగ్గర సింగరేణి వాళ్లు పెట్టిన 20 కిలోవాట్ల భూతాప ప్లాంటు గురించి కూడా అడిగారు. అక్కడి నీళ్లకి అంత వేడి లేదు, తక్కువ వేడికే మరిగే వేరే ద్రవాన్ని ఆవిరి చేసి టర్బైన్ తిప్పాలి. మనకి ఇళ్లు వెచ్చబెట్టుకునే అవసరం ఎలాగూ లేదు గానీ, ఖమ్మం వైపు అంత మిర్చి పండుతుంది, దాన్ని ఆరబెట్టడానికి ఆ వేడి వాడొచ్చేమో ఎవరైనా లెక్కలు వేసి చూడాలి.